మూడు పుంజీలూ ఒకటీ

ఒకటో తరగతి పిల్లలకు లెక్కలు ఎంతవరకు వచ్చో కనుక్కోవడం ఒకప్పుడు నా ఉద్యోగంలో చిన్న భాగం. ఈ నాలుగైదేళ్లలో అదే ఉద్యోగమైపోయింది. కనుక్కోగా మిగిలిన సమయంలో పాఠం చెప్పుకోవాలి. ఏడాదికి మూడుసార్లు ఫోన్లో పరీక్ష వస్తుంది. ఒక్కొక్క పిల్లనే ఎదురుగా కూర్చోబెట్టుకుని, చాప మీద చింతగింజలు పోసి, ఫోను అడగమన్న ప్రశ్న అడగాలి. పిల్ల చేసినదాన్ని బట్టి అవును అనో, కాదు అనో నొక్కాలి. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ మిగతా పిల్లలు ఏం చేస్తుంటారని నన్నెవరూ అడగలేదు.

నాది ఇరవై ఏడేళ్ల సర్వీసు. ఉండేది గుంటూరు బ్రాడీపేటలో, మేడ మీద వాటాలో. పొద్దున్నే బస్సెక్కి చిలకలూరిపేటలో దిగి, మిల్లుల దగ్గర షేర్ ఆటో పట్టుకుంటే అరగంటలో బడి. బడికి ఇద్దరం టీచర్లం. రెండో ఆయన్ని ఓటర్ల జాబితా పని మీద పంపించి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తుండదు. అందుకని అయిదు తరగతులూ నావే. వెళ్లగానే పిల్లల హాజరు ఫొటో, మరుగుదొడ్ల ఫొటో, తర్వాత గుడ్ల ఫొటో, వండాక అన్నం ఫొటో. పంతులమ్మ పనికంటే ఫొటోగ్రాఫరు పనిలో నాకు చెయ్యి బాగా తిరిగింది.

ఈ ఇరవై ఏడేళ్లలో నేను నింపిన కాగితాలు పేరిస్తే మా బడి గోడంత ఎత్తు వస్తాయి. ఒక్కదానికీ తిరిగి జవాబు వచ్చిన గుర్తు లేదు. మొదట్లో ఒళ్లు దగ్గర పెట్టుకుని నింపేదాన్ని. ఫలానా పిల్లకి కూడిక వచ్చు, తీసివేతలో తడబడుతోంది అని పక్కన చిన్న అక్షరాలతో రాసేదాన్ని కూడా. తర్వాత తెలిసింది, ఎవరూ చదవరని. తెలిశాక చెయ్యి దానంతటదే నింపుకుపోవడం నేర్చుకుంది. కాగితం పోయి ఫోను వచ్చినా నా నమ్మకం మారలేదు. ఇదెవరు చూడొచ్చారులే అన్నదే ఆ నమ్మకం. నేను చెప్పబోయే సంగతి అంతా దానివల్లే జరిగింది.

మిరప కోతలు మొదలయ్యే ముందు ఒకరోజు పొద్దున ఒక పెద్దావిడ బడికి వచ్చింది. ఒకటో తరగతిలో ఒక పిల్లకి నాయనమ్మ. హైవే మీద, మేము ఆటో ఎక్కే చోట, టీ కొట్టు పక్కన బుట్ట పెట్టుకుని నిమ్మకాయలమ్ముతుంది. నేనప్పుడు ఫోను పైకెత్తి సిగ్నల్ కోసం వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నాను. ఆవిడ నా వెనకే తిరుగుతూ చెప్పింది.

"మా కోడలు వచ్చే వారం నుంచీ కోతకు పోద్ది టీచరమ్మా. చంటోణ్ణి ఎవరో ఒకరు చూసుకోవాలగా. ఆ చేతుల్తో అది వాణ్ణెట్టా ముట్టుకుంటది? నేను బుట్ట కాడ పెట్టుకుందామంటే లారీల రోడ్డాయె. ఈ పిల్ల ఇంటికాడుంటే సరిపోద్ది అంటన్నాడు మావాడు."

"ఇప్పుడు మానిపిస్తే ఎలాగమ్మా?" అన్నాను, ఫోన్లోంచి తల తిప్పకుండానే.

"అందుకే వచ్చా. దానికి చదువు అబ్బేట్టుంటే చెప్పండి, చంటోణ్ణి నేనే ఎట్టాగో తిప్పలు పడతా. అబ్బేట్టు లేకపోతే మాత్రం అందరం అవస్థ పట్టమెందుకు? మీరేందో పరీక్ష పెడతన్నారంటగా. అందులో ఏం తేలుద్దో చూసి, దాన్నిబట్టి చేస్తా."

"సరేలేమ్మా, చూద్దాం" అన్నాను. అప్పుడే సిగ్నల్ దొరికింది.

ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. మిరప కోసిన చేతుల్ని ఎంత కడిగినా మంట గోళ్ల సందుల్లో ఉండిపోతుంది. ఆ చేత్తో చంటిపిల్లల్ని తాకితే గుక్కపట్టి ఏడుస్తారు. చేను గట్టున ఉయ్యాల కట్టినా ఘాటుకి నిలవలేరు. అందుకని మా వైపు కోతల కాలంలో ఇంటికో చిన్నపిల్ల చంటిపిల్లకి కాపలాగా మిగిలిపోతుంది. ఆ మూడు నెలలు గడిచాక కొందరు తిరిగి వస్తారు. వెనకబడిపోయామన్న సిగ్గుతో కొందరు రారు. ఒకటో తరగతిలో ఆగిన ఆడపిల్ల చదువు మళ్లీ గాడిన పడటం నేను చాలా తక్కువగా చూశాను. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ ఆవిడ మాటను చెవిన వేసుకుని పక్కన పెట్టేశాను.

ఆ వారం మధ్యలోనే మండలం నుంచి పరీక్షల లెక్క చూసే ఆయన ఫోన్ చేశాడు.

"మేడమ్, మన మండలంలో మీ స్కూలొక్కటే పెండింగండి. రేపు సాయంత్రానికి గ్రీన్ టిక్ పడాలండి."

"పద్నాలుగు మంది పిల్లలండీ. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు."

"ఏదోటి చేసి కానిచ్చేయండి మేడమ్."

అంతకుముందే గుడ్ల లెక్కలో ఏదో తేడా వచ్చిందని నాకు సంజాయిషీ కాగితం వచ్చి ఉంది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. మర్నాడు బడికి పోగానే మిగతా తరగతులకు ఎక్కాలు రాయమని పని పెట్టి, చాప పరిచి కూర్చున్నాను.

నిమ్మకాయలావిడ మనవరాలి వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పదకొండో పిల్ల. నాకు మోకాళ్లు పట్టేశాయి. ఎదురుగా కల్లాల్లో ఎవరో అందరికంటే ముందు కోసిన మిరపకాయ తిరగేస్తున్నట్టున్నారు, గాలికి ఘాటు వచ్చి పిల్లలందరూ తుమ్ముతున్నారు. వంటావిడ గుమ్మంలో నిలబడి అన్నం ఫొటో తీస్తారా తియ్యరా అని అరుస్తోంది. పిల్ల వచ్చి బుద్ధిగా మఠం వేసుకుని కూర్చుంది. ఆరేళ్ల పిల్ల. ముందు పళ్లు రెండూ ఊడి ఉన్నాయి. నేను పదమూడు చింతగింజలు చాప మీద పోసి, ఎన్నున్నాయో లెక్కపెట్టమన్నాను.

పిల్ల రెండు చేతులూ ఒకేసారి చాచింది. ఈ చేత్తో రెండు, ఆ చేత్తో రెండు గింజలు తీసి పక్కన పెట్టింది. మళ్లీ అలాగే, ఇంకోసారి అలాగే. ఒక్క గింజ మిగిలింది. ఇదంతా నేను కళ్లజోడు సర్దుకునేలోపు అయిపోయింది.

"మూడు పుంజీలూ ఒకటీ" అంది.

పుంజీ అంటే నాలుగు. మా అమ్మమ్మ పిడకలు అలాగే లెక్కపెట్టేది. ఇప్పుడు మనం పుంజీడు మంది కూడా రాలేదు అనడానికి తప్ప ఆ మాట వాడం. నేనైతే మర్చిపోలేదు. మూడు నాలుగులు పన్నెండు, ఒకటి కలిస్తే పదమూడు. రెండో తరగతిలో నేను గుంపులు కట్టించి, బొమ్మలు గీసి, నెల రోజులు చెబితే సగం మందికి పట్టుబడే సంగతి ఈ పిల్ల చేతుల్లో అప్పటికే ఉంది. ఆ క్షణంలో నాకది స్పష్టంగా తెలిసింది. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఫోన్లో మాత్రం ఇంకోలా ఉంది. పిల్ల ఒక్కొక్క వస్తువునూ వేలితో తాకుతూ, ఒక్కొక్క అంకే పైకి చెబుతూ లెక్కపెట్టాలి.

"అట్టా కాదమ్మా. ఒక్కోదాని మీదా వేలు పెట్టి చెప్పు" అన్నాను.

పిల్ల గింజల్ని మళ్లీ కలిపేసి, మళ్లీ రెండు చేతులూ చాచింది. అవే మూడు పుంజీలు, అదే ఒకటి. ఈసారి మరింత తొందరగా చేసింది, తొందర చాలలేదు కాబోలు అనుకుని. ఫోన్లో సెకన్లు తిరిగిపోతున్నాయి. నేను విసుగ్గా ఆ పిల్ల మణికట్టు పట్టుకుని, చూపుడువేలు తీసి ఒక గింజ మీద పెట్టాను.

"అట్టా కాదని చెప్తన్నానా! ఇట్టా!"

గొంతు పెంచాను. ఆ మండలం ఆయన మీదా, వంటావిడ మీదా, ఓటర్ల జాబితా మీదా ఉన్న కోపమంతా అందులో ఉంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే అదే. పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుని వీపు వెనక పెట్టుకుంది. ఇక గింజలు ముట్టుకోలేదు. టైమైపోయింది. వస్తువులను తాకుతూ సరైన సంఖ్య చెప్పిందా, అని ఫోను అడిగింది. కాదు, నొక్కాను.

మొదటి మెట్టులో కాదు అని నొక్కితే ఆ పిల్లకి తర్వాతి ప్రశ్నలు రావు, పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. ఇంకా పన్నెండు నిమిషాలు పట్టాల్సిన పని అక్కడే ముగిసింది. దాచుకోవడమెందుకు, అప్పుడు నాకు సంతోషమే వేసింది. ఆ పన్నెండు నిమిషాల్లో అన్నం ఫొటో తీసి వచ్చాను.

సాయంత్రానికి పద్నాలుగూ పూర్తయ్యాయి. మర్నాడు ఒక్కొక్కరి పేరుతో కార్డు వచ్చింది. వాటిని ప్రింటు తీయించి ఇళ్లకు పంపి, పెద్దవాళ్ల సంతకమో వేలిముద్రో వేయించుకు రమ్మనాలి. ఈ పిల్ల కార్డు మీద ఎర్రటి గుండ్రం, దాని పక్కన, లెక్కించడం ఇంకా రాలేదు, అని ఉంది. పద్నాలుగు కార్డులూ పంచాను. ఏ కార్డు మీద ఏముందో చూడను కూడా చూడలేదు.

తర్వాతి వారం నుంచి కోతలు. బడిలో పిల్లలు సగానికి సగం తగ్గారు. ఏటా తగ్గేదే కాబట్టి ఎవరెవరు రాలేదని నేను వెతకలేదు. హాజరు ఫొటోలో ఖాళీ కనబడకుండా ఉన్న పిల్లల్ని దూరం దూరంగా కూర్చోబెట్టాను.

మూడు వారాలు గడిచాక ఒకరోజు పొద్దున, ఆటో నిండితే తప్ప కదలనని డ్రైవరు మొండికేశాడు. ఎటూ ఆగాం కదా, ఇంటికి నిమ్మకాయలు కొందామని దిగాను. నాయనమ్మ బుట్ట ముందు కూర్చుని ఉంది. ఆవిడ వెనక, టీ కొట్టు గోడ నీడలో, ఈ పిల్ల చంటివాణ్ణి చంకనేసుకుని నిలబడింది. నన్ను చూసి ఇంకాస్త లోపలికి జరిగింది.

"ఇరవై కాయలివ్వమ్మా" అన్నాను.

ఆవిడ చేతికి రెండేసి కాయలు తీసి, అయిదే అయిదు విసుర్లలో ఇరవై కాయలూ నా సంచిలో వేసింది. పెదవులు కూడా కదపలేదు.

"పిల్లని బడికి పంపట్లేదే?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"మీరేగా కాయితం పంపిచ్చారు. టీ కొట్టాయనతో చదివించుకున్నా. లెక్కపెట్టటం రాలేదని ఉందంట. అది నిజమేలే అనుకున్నాం. మా ఇంటా వంటా చదువు లేదు, దానికెక్కణ్ణించి వచ్చిద్ది?" ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. "అదివరకు నాకు కాయలన్నా లెక్కపెట్టిచ్చేది. ఇప్పుడదీ చెయ్యట్లా. ఏమే అంటే నాకు లెక్కలు రావుగా అంటది."

డ్రైవరు హారన్ కొట్టాడు. నేను నోరు తెరవకుండా వెళ్లి ఆటో ఎక్కాను. ఆ పిరికితనం కూడా చెప్పుకోవాలి.

ఇరవై ఏడేళ్లుగా ఎవరూ చదవరనుకుంటూ నేను పంపిన కాగితాల్లో ఒక్కదాన్ని ఒకావిడ చదివించుకుంది. ప్రతి అక్షరాన్నీ నమ్మింది. నమ్మి, చెప్పినట్టే చేసింది. పరీక్ష పెట్టమన్నవాళ్లూ, పెట్టిన నేనూ దానికివ్వని విలువ ఆ నిమ్మకాయలావిడ ఇచ్చింది.

బడికి వెళ్లగానే ఫోను తీసి ఆ పిల్ల పేరు వెతికాను. సమర్పించిన వివరాలను మార్చడానికి వీలు లేదు, అని వచ్చింది. మండలం ఆయనకి ఫోన్ చేశాను.

"ఇప్పుడెట్టా మారుద్ది మేడమ్? మార్చమని పైకి రాస్తే, ముందసలు తప్పెందుకు కొట్టారని మీకే మెమో వస్తది. ఊరుకోండి. ఎటూ ఏడాది చివర ఇంకో పరీక్ష ఉందిగా, అందులో గ్రీన్ తెప్పించండి. పిల్ల ఇంప్రూవ్ అయిందని మీకే మంచి పేరు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి వెళితే, కాలిన చేతులతోనే పేరు తెచ్చుకోమన్నాడు. ఫోన్ పెట్టేశాను. ఆ రోజు అన్నం ఫొటో తీయలేదు.

సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు దిగి, నేరుగా బుట్ట దగ్గరికి వెళ్లాను. నిలబడి చెప్పడం కుదరక అక్కడే ఇటుకల మీద కూర్చున్నాను.

"పెద్దమ్మా, ఆ కాగితంలో ఉన్నది తప్పు. మీ పిల్లకి లెక్క వచ్చు. తన తోటివాళ్లందరికంటే బాగా వచ్చు."

"అయితే ఫోనుదా తప్పు?"

అవునంటే సరిపోయేది. సగం నిజం కూడా. "కాదమ్మా. నాదే. అది సరిగ్గానే చెప్పింది. మీరు లెక్కపెట్టినట్టే పెట్టింది. నేనే తొందరలో కాదని కొట్టా."

తిడుతుందేమోనని చూశాను, తిట్టలేదు.

"మరి అది నాకెందుకు చెప్తన్నారు? దానికి చెప్పండి" అంది. వెనక్కి తిరిగి, "ఒసేయ్, ఇట్టా రా. టీచరమ్మ ఏందో చెప్పిద్దంట" అని పిలిచింది.

పిల్ల తమ్ముణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంటూ వచ్చి నిలబడింది. నేను చెప్పాను. నువ్వు లెక్కపెట్టింది రైటే, నేను తప్పు కొట్టాను, నిన్ను కోప్పడ్డాను, నాదే తప్పు అన్నాను. పిల్లల ముందు ఈ మాట నా సర్వీసులో ఎన్నిసార్లు అన్నానో లెక్కపెట్టడానికి వేళ్లు అక్కర్లేదు.

పిల్ల అంతా విని, "మరి ఫోన్లో మార్చారా టీచర్?" అని అడిగింది.

"ఫోన్లో మారదమ్మా."

అలాగా అన్నట్టు తలూపింది. నేను చెప్పిన మిగతా మాటలన్నీ దానికి ఓదార్పు మాటలుగానే వినబడి ఉంటాయి. ఆ వయసు పిల్లలకి కూడా ఎక్కడ రాసింది నిలుస్తుందో తెలుసు.

నాయనమ్మ మాత్రం మాట మీద నిలబడింది. సోమవారం నుంచి చంటివాడు టీ కొట్టు వాసానికి కట్టిన చీర ఉయ్యాలలోకి వచ్చాడు. బేరం లేనప్పుడు ఊపుతుంది, ఉన్నప్పుడు అరుస్తుంది. లారీలకి భయపడి వాడి కాలికి తాడు కట్టి రెండో కొస తన నడుముకి కట్టుకుంది. పిల్ల బడికి వచ్చింది. మా వైపు కోతల మధ్యలో ఒక పిల్ల బడికి తిరిగి రావడం నేను చూడటం అదే మొదలు. ఆ నాలుగు రోజులూ అలసట కాస్త మర్చిపోయాను కూడా.

శుక్రవారం మధ్యాహ్నం పిల్లలు తక్కువగా ఉన్నారు. ఫోను తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ పిల్ల చూస్తుండగానే వేశాను. చాప పరిచి చింతగింజలు పోశాను. ఈసారి ఎన్ని పోశానో నేను లెక్కపెట్టుకోలేదు.

"పరీక్ష కాదమ్మా. ఊరికే. నీకెట్టా ఇష్టమైతే అట్టా లెక్కపెట్టు."

పిల్ల గింజల వైపు చూసింది. తర్వాత నా ఒడిలోకి, ఫోనుందేమోనని చూసింది. ఎడమ చెయ్యి తీసి వీపు వెనక పెట్టుకుంది. కుడి చేతి చూపుడువేలు మొదటి గింజ మీద గట్టిగా ఆనించి, ఒకటి, అంది. రెండో దాని మీద ఆనించి, రెండు, అంది. అలా ఒక్కోదాని దగ్గరా ఆగి, నా ముఖం చూసి, నేనేమీ అనకపోతే ముందుకి పోతోంది. తొమ్మిది దాటాక ఏ గింజ ముట్టిందో ఏది ముట్టలేదో మర్చిపోయింది. మళ్లీ మొదటికి వచ్చింది. రెండోసారి పదకొండు దగ్గర తప్పింది. విసుక్కోకుండా మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకుంది. ఎడమ చెయ్యి మాత్రం ఒక్కసారి కూడా ముందుకి రానివ్వలేదు.

మూడోసారి మధ్యలో ఆగి, "ఇట్టాగేనా టీచర్?" అని అడిగింది.

ఆ పిల్లతో ఇంకోసారి అట్టా కాదు అనడానికి నాకు నోరు రాలేదు.

"ఇట్టాగేనమ్మా" అన్నాను.